ఊరికీ, ఓడకూ ఒకటే ఇంటిపేరు



వంటింట్లో పని ఒక కొలిక్కి వచ్చి, పొయ్యి కట్టేసి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. కాసేపు నాతో కలిసి విశాఖపట్నం దాకా వచ్చి వెళ్ళండి. టిక్కెట్టు ఖర్చు లేదు లెండి.

కొన్నేళ్ళ క్రితం మా ఆడపడుచు వాళ్ళింటికని మేం విశాఖపట్నం వెళ్ళాం. సిద్దిపేటలో పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన పెద్ద నీళ్ళల్లా మా కోమటి చెరువే. అటువంటిది సముద్రం చూద్దామని ఎంత సంబరపడ్డానో మీరే ఊహించుకోండి. తీరా అక్కడికి పోయాక నా చెవిన పడ్డది సముద్రపు హోరు కాదు, సిటీ బస్సు కండక్టరు కేక. "సింధియా! సింధియా! ఎక్కండి, సింధియా!" అని.

నేను మా వారి మొహం కేసి చూశాను. "ఇదేందండీ, సింధియా అంటే గ్వాలియరు మహారాజులు కదా! వాళ్ళ పేరు చెప్పి బస్సు ఎక్కమంటున్నాడు?" అన్నాను. ఆయన నవ్వి, "ఇక్కడ అదొక ఊరి పేరులే, షిప్‌యార్డు దగ్గర" అని ఊరుకున్నారు. మగవాళ్ళ సమాధానాలు అంతే కదా! మా ఆడపడుచునడిగితే, "ఏమో వదినె, పెండ్లయి వచ్చినకాడి నుంచి సింధియా అనే అంటున్నం" అంది.

నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగలాగా తిరుగుతూనే ఉంది. ఎక్కడి గ్వాలియరు, ఎక్కడి విశాఖపట్నం! ఒక కుటుంబం ఇంటిపేరు, వాళ్ళు ఏలని ఊరికి, వాళ్ళ భాష మాట్లాడని ఊరికి ఎట్లా వచ్చి అతుక్కుంది? ఇంటికి వచ్చాక ఆ పుస్తకం ఈ పుస్తకం తిరగేసి, తెలిసినవాళ్ళను అడిగి, కొంత సంగతి పోగుచేశాను. అదే ఇవాళ మీతో పంచుకుంటాను. ఎందుకంటే ఈ కథ పైకి రాజులదీ ఓడలదీ అనిపించినా, లోపల మన ఆడవాళ్ళ సంగతి చాలా ఉంది.

ముందు ఇంటిపేరు అంటే ఏమిటో చూద్దాం. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఆ ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ పేర్లే. తాత ముత్తాతలు ఎక్కడి నుంచి వచ్చారో ఆ ఊరిని పేరు ముందు కట్టుకుని వచ్చారన్నమాట. రాష్ట్రపతిగా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టింది తిరుత్తణిలో. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉన్న ఊరు. మూసీ వరదలు 1908లో హైదరాబాదును ముంచెత్తినాక, ఇకముందు అట్లా జరగకుండా ఉపాయం చెప్పిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు పుట్టింది మైసూరు సీమలోని ముద్దెనహళ్ళిలో. మోక్షగుండమేమో గిద్దలూరు వైపున్న ఊరు. ఎన్ని తరాలు గడిచినా, ఎన్ని నదులు దాటినా ఆ ఊరు పేరుకు ముందు కూర్చునే ఉంది.

అంత దూరం ఎందుకు? మన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారి పేరులో మొదటి అక్షరం పాములపర్తి. ఆ పేరుగల ఊరు మా సిద్దిపేట జిల్లాలోనే, మర్కూక్ మండలంలో ఉంది. ఆ ఊరి పక్కనే ఇప్పుడు కొండపోచమ్మ సాగర్ నిండుగా నీళ్ళతో కనిపిస్తుంది. పి.వి. గారు పుట్టింది వరంగల్లు వైపు లక్నేపల్లిలో, పెరిగింది వంగరలో. అయినా పాములపర్తి అని బోర్డు చూసినప్పుడల్లా, బస్సులో ఎవరో ఒకరు పి.వి. గారి మాట ఎత్తకుండా ఉండరు. ఇంటిపేరు మహిమ అది.

ఇక సింధియాల సంగతి. వాళ్ళ అసలు ఇంటిపేరు శిందే. మరాఠీవాళ్ళు. సతారా జిల్లాలో కన్హేర్‌ఖేడ్ అనే చిన్న ఊరికి పటేళ్ళు. ఆ ఇంట పుట్టిన రాణోజీ శిందే, పీష్వా బాజీరావు కొలువులో చేరాడు. మొదట్లో పీష్వా గారి చెప్పులు చూసుకునే పని చేసేవాడని కథగా చెప్పుకుంటారు. అక్కడి నుంచి సేనానాయకుడై, మాళవదేశంలో పెద్ద జాగీరు సంపాదించాడు. ఆయన కొడుకు మహాద్జీ ఢిల్లీ పాదుషానే తన అండన నిలబెట్టినంత వాడు. శిందే అనే మాట ఇంగ్లీషువాళ్ళ నోట పడి సింధియా అయింది. మన పేర్లు మాత్రం కాగితాల మీద ఎన్ని వంకర్లు పోవటం లేదు? రాజులకే తప్పలేదు, మనమెంత!

ఈ ఇంటిపేరు మొదట ఊరు దాటి గ్వాలియరు చేరింది. అక్కడి నుంచి కాశీకి చేరింది. కాశీకి వెళ్ళివచ్చిన అమ్మలు ఒకసారి గుర్తు చేసుకోండి. మణికర్ణికా ఘట్టం దగ్గర నీళ్ళలోకి ఒరిగిపోయిన గుడి ఒకటి చూసి, "అయ్యో, పడిపోతుందేమో" అనుకుని ఉంటారు. ఆ గుడి పక్క ఘట్టం పేరు సింధియా ఘాట్. 1830లో దాన్ని కట్టించింది ఒక స్త్రీ. బైజాబాయి. దౌలత్‌రావు సింధియా భార్య. ఆయన 1827లో పోయినాక, ఆరేళ్ళపాటు గ్వాలియరు రాజ్యాన్ని ఆమే నడిపింది. గుర్రపుస్వారీ తెలిసినది, లెక్కాడొక్కా తెలిసినది. కాశీలో జ్ఞానవాపి బావి చుట్టూ స్తంభాల మండపం కట్టించిందీ ఆమే.

ఇక్కడ కాస్త ఆగుదాం. బైజాబాయి పుట్టింటి పేరు సింధియా కాదు. ఘాట్గే. కాగల్ జాగీరుకు చెందిన ఘాట్గేల ఆడపిల్ల. గంగ ఒడ్డున రాయి మీద రాయి పేర్చి ఆమె నిలబెట్టింది అత్తింటి పేరును. తన పుట్టింటి పేరు ఆ మెట్ల మీద ఎక్కడా లేదు. ఇది తప్పని గానీ ఒప్పని గానీ నేననటం లేదు. చూసి గుర్తుపెట్టుకోమంటున్నాను, అంతే.

ఇక ఓడ దగ్గరికి వద్దాం. 1890 నాడు ఇంగ్లండులో నీళ్ళలోకి దించిన పెద్ద ఓడ ఒకటి ఉండేది. ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అని పేరు. అది కెనడా కంపెనీది. చైనా, జపానుల వైపు మనుషుల్నీ ఉత్తరాల్నీ మోసేది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు, 1914లో దాన్ని గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా కొన్నారు. గాయపడ్డ సైనికుల కోసం ఆసుపత్రి ఓడగా మార్చి, లాయల్టీ అని పేరు పెట్టారు. చూశారూ, ఓడకు కూడా చేతులు మారితే పేరు మారింది, మన పెండ్లిళ్ళలో మారినట్టే!

యుద్ధం అయిపోయింది. అప్పట్లో మన సముద్రాల మీద పెత్తనమంతా తెల్లవాళ్ళ కంపెనీలదే. మన సరుకు, మన మనుషులు, వాళ్ళ ఓడలు. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మొదలైన వర్తకులు కలిసి, మనకూ ఒక ఓడల కంపెనీ ఉండాలని నడుం కట్టారు. గ్వాలియరు మహారాజు దగ్గర ఆ లాయల్టీ ఓడను కొన్నారు. ఓడ ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో ఆ సింధియా పేరే కంపెనీకి పెట్టుకున్నారు. 1919 ఏప్రిల్ 5వ తేదీన ఆ ఓడ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాదినం జరుపుతున్నది అందుకే. ఓడ మాత్రం అప్పటికే ముసలిదైపోయింది. నాలుగేళ్ళకే, 1923లో విప్పి పాత ఇనుముకు వేశారు. ఓడ పోయింది గానీ ఇంటిపేరు పోలేదు.

కంపెనీ పెరిగింది. ఓడలు కొనటం కాదు, మన దేశంలోనే కట్టాలని వాల్‌చంద్ గారు పట్టుబట్టారు. చోటు కోసం వెదికి వెదికి చివరికి మన విశాఖపట్నం ఎంచుకున్నారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు పునాదిరాయి వేశారు. ఆ ఏడాది దాటకుండానే జపాను యుద్ధంలోకి దిగటం, 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద బాంబులు పడటం జరిగాయి. అయినా పట్టు వదల్లేదు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948 మార్చి 14న, జవహర్‌లాల్ నెహ్రూ గారి చేతుల మీదుగా మొదటి పెద్ద ఓడ నీళ్ళలోకి జారింది. దాని పేరు జలఉష. నీళ్ళ మీద తొలిపొద్దు అన్నమాట. ఎంత చక్కని పేరో చూడండి!

ఆ తర్వాత కంపెనీ ఓడలకు ఆ జల అన్నదే ఇంటిపేరయింది. జలఉష, జలప్రభ, జలదూత... అక్కచెల్లెళ్ళలా వరసగా. ఆ జలదూత ఓడలోనే 1965లో ఇస్కాన్ స్థాపించిన ప్రభుపాద స్వామివారు కలకత్తా నుంచి అమెరికా వెళ్ళారు. ఓడరేవు యార్డు 1952లో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకోవటంతో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. బోర్డులు మారాయి, కాగితాలు మారాయి. జనం నోట మాత్రం ఆ తావు పేరు మారలేదు. కంపెనీ వైభవమూ తర్వాత తరిగిపోయింది. ఇవాళ సింధియా మిగిలింది ఆ కండక్టరు కేకలో.

ఇందాక స్వామివారు ఎక్కిన ఓడ మాట వచ్చింది కదా. ఆయన జేబులో డబ్బు లేదు. టిక్కెట్టు ఉచితంగా ఇచ్చి పంపింది ఎవరనుకున్నారు? ఒక ఆడమనిషి. సుమతీ మొరార్జీ. ఆ సింధియా కంపెనీని నడిపిన ఇల్లాలు ఆమె. 1909లో బొంబాయిలో పుట్టింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు జమున. చిన్నతనంలోనే నరోత్తం మొరార్జీ గారి ఒక్కగానొక్క కొడుకుకు ఇచ్చి పెండ్లి చేశారు. అత్తింటికి వచ్చాక ఇంటిపేరూ మారింది, సొంతపేరూ మారింది. జమున సుమతి అయింది. యమున ఏట్లో పుట్టి సముద్రంలో కలిసినట్టు!

కానీ ఆ అత్తింటి వాళ్ళ గొప్పతనం ఒకటి ఒప్పుకోవాలి. కోడలి తెలివి చూసి, కంపెనీ పనిలోకి తెచ్చారు. ఆమె మెట్టు మెట్టు ఎక్కి మొత్తం కంపెనీ పగ్గాలు పట్టింది. 1956లో దేశంలోని ఓడల యజమానుల సంఘానికి అధ్యక్షురాలయింది. ఓడల వ్యాపారంలో అట్లాంటి పీఠం మీద అంతకు ముందు ఆడది కూర్చున్నది లేదు. 1971లో పద్మవిభూషణ్ ఇచ్చారు. చీరకట్టుతో, బొట్టుతో, సముద్రాల మీద ఓడల్ని నడిపింది. మనం ఉప్పూ పప్పూ లెక్క చూసుకున్నట్టే ఆమె బొగ్గూ సరుకూ లెక్క చూసుకుంది. లెక్క లెక్కే కదమ్మా!

గ్వాలియరు సింధియాల ఇంట కూడా ఇదే వరస. రాజమాతగా పేరుపడి, ఎన్నోసార్లు పార్లమెంటుకు ఎన్నికైన విజయరాజే సింధియా గారి పుట్టింటి పేరు లేఖా దివ్యేశ్వరి. 1941లో పెండ్లయినాక విజయరాజే అయ్యారు. రాజుల ఇంట్లోనైనా, షావుకార్ల ఇంట్లోనైనా, మన ఇంట్లోనైనా ఆడపిల్ల పేరుకు జరిగేది ఒకటే.

సింధియా ఒకటే కాదు, మన తెలుగు ఊరి పేరు కూడా ఓడెక్కి పోయింది. కాకినాడ దగ్గర కోరంగి ఉంది కదా. ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టిన చోటు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెనకు ఊరు ఊరే తుడిచిపెట్టుకుపోయింది. ఆ పేరు పెట్టుకున్న కోరంగి ప్యాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియా తూర్పున పగడాల సముద్రంలో దిబ్బలకు కొట్టుకుని పగిలిపోయింది. ఆ దిబ్బలను ఇప్పటికీ కోరంగి దీవులనే పిలుస్తున్నారు. పొట్ట చేత పట్టుకుని రంగూనుకు పోయిన తెలుగువాళ్ళనేమో, ఏ ఊరివాళ్ళయినా సరే, బర్మాలో కోరంగీలు అన్నారు. అడిగి పెట్టుకున్నది కాదు. అయినా అందరికీ అదే ఇంటిపేరయి కూర్చుంది.

సరే, ఓడ దిగి మన ఇంటికి వద్దాం.

నాకు పదో తరగతి సర్టిఫికెట్టు మీద మా నాన్న ఇంటిపేరు ఉంది. పెండ్లయి పాతికేళ్ళు కావస్తుంది. రేషను కార్డు మీద అత్తింటి పేరు. ఆధార్ మీద అదే. మొన్న ఒక కాగితం పనికి వెళితే, బల్ల వెనక కూర్చున్న అబ్బాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈమె, మీరు ఒక్కరేనని రుజువేందమ్మా?" అన్నాడు. మా పెద్దబ్బాయి ఈడువాడు. వాడి తప్పేమీ లేదు, కాగితం చూసి అడిగాడు. కానీ నాకు ఆ పూట అన్నం సహించలేదు. నేను నేనేనని రుజువు చూపించాలట! బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లా, ఇద్దరు పిల్లల్ని కన్న తల్లీ ఒకతే అని ఎవరు సాక్ష్యం చెప్పాలి?

అందుకని అక్కయ్యలకూ, ముఖ్యంగా పెండ్లీడు ఆడపిల్లలున్న తల్లులకూ ఒక మాట. పెండ్లి అయితే ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన చట్టంలో ఎక్కడా లేదు. మార్చుకుంటారా, సంతోషంగా మార్చుకోండి. ఉంచుకుంటారా, ఉంచుకోండి. ఏది చేసినా అన్ని కాగితాల మీదా ఒకటే ఉండేట్టు చూసుకోండి. పెండ్లి రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ 2002లోనే మన దగ్గర చట్టం వచ్చింది. పెండ్లి ఆల్బమ్ కోసం ఎంత తాపత్రయపడతాం! ఆ రిజిస్ట్రేషను కాగితం కోసం అందులో పదో వంతు పడినా చాలు. రెండు పేర్లకూ నడుమ వంతెన అదే.

ఇంకో సంగతి. ఇంటిపేరు మారినంత మాత్రాన పుట్టింట్లో హక్కు పోదు. ఉమ్మడి కుటుంబం ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది. అప్పటికి పెండ్లి కానివాళ్ళకే అది వర్తించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెండ్లయినవాళ్ళకు కూడా వచ్చింది. వాటా అడగాలా వద్దా అన్నది మీ మీ మనసులను బట్టి, మీ అన్నదమ్ములను బట్టి. కానీ "నీ ఇంటిపేరు మారింది కదా, నీకేముంది ఇక్కడ?" అని ఎవరన్నా అంటే మాత్రం, అది తెలియక అన్న మాట అని తెలుసుకోండి.

చివరగా మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను.

మా వైపు కోడళ్ళను పేరు పెట్టి పిలవరు. పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. దుబ్బాక వదినె, గజ్వేల్ అత్త, చేర్యాల చిన్నమ్మ. ఆమె అసలు పేరేమిటో పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. నాకు చిన్నప్పుడు ఇది చిత్రంగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, కాగితం మీద పోయిన పుట్టింటి పేరును నోటితో తిరిగి ఇచ్చినట్టుంది.

మాకు వరసకు చిన్నమ్మ ఒకామె ఉంది. పల్లెపహాడ్ చిన్నమ్మ అంటాం. మల్లన్న సాగర్ కట్టినప్పుడు వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్‌లతో పాటు ఆ పల్లెపహాడ్ కూడా నీళ్ళలో పోయింది. 2022 ఫిబ్రవరిలో ఆ జలాశయాన్ని ప్రారంభించారు. యాభై టీఎంసీల నీళ్ళు. ఆ నీళ్ళతో ఎన్నో పొలాలు పచ్చబడ్డాయి, అదీ నిజమే. ఊరివాళ్ళు ఇళ్ళు వదిలి వేరేచోట కొత్త కాలనీల్లో ఉంటున్నారు, అదీ నిజమే.

ఆ తర్వాత ఒక పండుగకు అందరం కలిశాం. కొత్తగా వచ్చిన కోడలు పిల్ల, పాపం చదువుకున్నది, ఏదో మర్యాదగా ఉంటుందని, "చిన్నత్తా, మీ అసలు పేరేందో చెప్పుండ్రి, పేరుతోనే పిలుస్త. ఇప్పుడు ఆ ఊరు లేదు గద" అంది.

చిన్నమ్మ సకినాలు చుడుతున్న చెయ్యి ఆపి, పిల్ల మొహం చూసింది. "ఊరు లేదు గాబట్టే గట్ల పిలువుమంటున్న బిడ్డా" అంది. "నేనున్నన్ని దినాలన్న పల్లెపహాడ్ అనెటోళ్ళు ఉండాలె గద!"

ఎవ్వరం మాట్లాడలేదు. ఆమె మళ్ళీ పిండి చేతిలోకి తీసుకుని చుట్టటం మొదలుపెట్టింది.

విశాఖపట్నంలో విన్న కండక్టరు కేక నాకు ఆ క్షణాన మళ్ళీ వినిపించింది. ఓడ పోయినా, కంపెనీ తరిగిపోయినా సింధియా నిలిచింది బస్సు ఎక్కేవాళ్ళ నోట. కోరంగి ఉప్పెనలో పోయినా పరదేశపు దిబ్బల మీద నిలిచింది. పల్లెపహాడ్ మా చిన్నమ్మ మీద నిలిచింది. పిలిచేవాళ్ళు ఉన్నన్నాళ్ళు పేరు ఉంటుంది.

అందుకే ఈ సాయంత్రం ఒక పని చేయండి. మీ అత్తగారినో, అమ్మనో, పక్కింటి పెద్దావిడనో దగ్గర కూర్చోబెట్టుకుని, "మీ పుట్టింటి పేరేమిటి? అది ఏ ఊరి పేరు?" అని అడగండి. పిల్లల నోట్‌బుక్కులో చివరి కాగితం మీద రాయించండి. అడిగేవాళ్ళు లేక ఎన్నాళ్ళనుంచో చెప్పకుండా ఉండి ఉంటారు. అడిగినందుకు వాళ్ళ మొహం ఎట్లా వికసిస్తుందో మీరే చూద్దురు గాని.